తువ్వాలు కింద కరెంటు

ఆ ఆదివారం పొద్దున బసవపున్నారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తలంటు పోసుకోవాలి, రెండు పెసరట్లు తినాలి, అరుగు మీద కూర్చుని మర్నాటి పాఠాన్ని మూడుసార్లు చెప్పి చూసుకోవాలి, మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. ఇందులో పెసరట్ల దాకా అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

మర్నాటి పాఠం మామూలు పాఠం కాదు. ఇన్‌స్పెక్టరు శేషగిరిరావుగారు జీపులో వచ్చి, పదకొండు గంటలకు ఎస్సెల్సీ క్లాసులో వెనకబెంచీ మీద కూర్చుని వినబోయే పాఠం. బసవపున్నారావు ఆ ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా టెంపరరీయే. కిందటేడు ఇదే ఇన్‌స్పెక్టరుగారు ముప్పావుగంట పాఠం విని, రిపోర్టులో రెండే వాక్యాలు రాసి వెళ్ళారు. "పాఠమంతయు ఉపాధ్యాయుడే మాట్లాడినాడు. పిల్లలు విన్నట్లు ఆధారములు లేవు." దానికింద ఎర్రసిరాతో, ఇంకొక సంవత్సరము చూడవచ్చును అని ఉంది. ఆ సంవత్సరం రేపటితో సరి. ఈసారీ అదే మాట రాస్తే ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు భార్యను తీసుకుని సొంతూరు బాపులపాడు వెళ్ళి, అన్నగారి పంచన చేరి, వరిచేల గట్ల మీద తిరగాలి.

ఇన్‌స్పెక్టరుగారు రాసిందాంట్లో అబద్ధం లేదు. బసవపున్నారావుకి సైన్సంటే ప్రాణం. నోరు తెరవడమే గాని మూయడం చేతకాదు. టైమెంతయిందని అడిగినవాడికి లోలకంతో మొదలుపెట్టి భూమి తిరగడం దాకా చెప్పి, టైము చెప్పడం మరిచిపోయే రకం. కాపరం పెట్టిన కొత్తలో భార్య హైమవతి ఉప్పు అయిపోయిందని చెప్పి, ఉప్పు ఎలా తయారవుతుందో గంటసేపు విని, ఆ పూటకి చప్పిడిపప్పే వడ్డించింది.

అందుకని ఈసారి అతను బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. పాఠం పేరు విద్యుదయస్కాంత ప్రేరణ. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. ఒక వెదురుబొంగు ముక్క మీద నాలుగువందల చుట్లు సన్నటి రాగితీగ చుట్టి, దాని రెండు కొసలూ గాల్వనోమీటరనే పెట్టెకి తగిలించాలి. బొంగులోకి అయస్కాంతం కడ్డీని తోస్తే పెట్టెలో ముల్లు కుడికి కొడుతుంది. బయటికి లాగితే ఎడమకి కొడుతుంది. లోపల పెట్టి ఊరుకుంటే సున్నా దగ్గర బుద్ధిగా నిలబడుతుంది. తీగలో కరెంటు పుట్టాలంటే కదలిక ఉండాలి. అదీ పాఠం. అయితే పిల్లలు ముల్లు వంక చూడరు, మాస్టారి చేతిని చూసి కుడి ఎడమ అని అరిచేస్తారు. అందుకని చేతినీ బొంగునూ కలిపి తువ్వాలుతో కప్పేస్తే సరి. లోపల చెయ్యి ఏం చేస్తోందో పిల్లలే ముల్లును చూసి చెప్పుకోవాలి. మాస్టారు మాట్లాడే పనే లేదు.

"ఉపాయం బాగుందండీ," అంది హైమవతి. నాలుగువందల చుట్లూ చుట్టింది ఆవిడే. "మీరు మాట్లాడకుండా ఉండగలిగితే."

"ఎందుకుండలేను? మౌనం గురించి చెప్పాలంటే..."

"అదిగో," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

ఇక్కడ తోటల బేరం సంగతి ఒకటి చెప్పాలి. నూజివీడు వైపు మామిడితోట కాపుని బేరమాడేటప్పుడు ధర నోటితో అనరు. రైతూ వర్తకుడూ ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతులు కలిపి, వాటిమీద తువ్వాలు కప్పుతారు. ఆ తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. పట్టిన వేళ్ళను బట్టి ధర. పైన నోళ్ళు వానల గురించీ, పిల్ల పెళ్ళి గురించీ మాట్లాడుతుంటాయి, కింద వేళ్ళు పోట్లాడుతుంటాయి. ఆ పోట్లాట ఆ రెండు చేతులకీ పైనున్న దేవుడికీ తప్ప పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియకూడదు. బేరం తెగకముందే తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసినవాడు తోట వదులుకున్నట్టే లెక్క. ఇవన్నీ ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. బసవపున్నారావుది వరి పండే ఊరు. పైగా అతనికి సైన్సు తప్ప మరొకటి కంటికి ఆనదు.

మామగారు రాఘవయ్యకి పన్నెండెకరాల తోట ఉంది. బసవపున్నారావు దంపతులు ఆయన ఇంట్లోనే ఉత్తరపు వాటాలో ఉంటున్నారు. ఆ తోటని పదిహేనేళ్ళుగా నూజివీడు వర్తకుడు శ్రీరాములు శెట్టిగారే పాడుకుంటున్నారు. పదిహేనేళ్ళుగా రాఘవయ్యకి ఒకటే దిగులు. బేరం తెగాక శెట్టిగారు గొడుగు ఊపుకుంటూ హుషారుగా వెళ్ళిపోతాడు. అంటే ఇంకో వేలు ఇవ్వగలిగి కూడా ఇవ్వలేదన్నమాట. "ఆ చివరి వేలు ఉంది చూశావూ, ఆ చిటికెన వేలు, దాన్ని దాచేస్తున్నాడు," అని ఆయన ఏటా ఫాల్గుణమాసంలో అన్నం సయించక చిక్కిపోతుంటాడు.

ఆ ఆదివారం బేరానికి ముహూర్తం. రాఘవయ్య పిందెలు చూసుకు రావడానికి తోటకెళ్ళాడు. అనుకున్న టైముకంటే గంట ముందే శ్రీరాములు వచ్చేశాడు. వచ్చేసరికి అరుగు మీద చాప, చాప మీద బసవపున్నారావు, అతని కుడిచేతి మీద తువ్వాలు, ఎదురుగా గాజుమూత ఉన్న టేకుపెట్టె.

"మామగారు లేరా మాస్టారూ?"

"వచ్చేస్తారు శెట్టిగారూ, కూర్చోండి. మంచి టైముకి వచ్చారు. ఇదిగో, నా చెయ్యి చూడకండి, ఆ పెట్టెలో ముల్లు చూడండి."

శ్రీరాములు ముందు చూసింది చేతినే. ఈసారి రాఘవయ్య అల్లుణ్ణి బేరానికి కూర్చోబెట్టాడని తేలిపోయింది. కానీ ఈ పెట్టె ఏమిటో అంతుపట్టలేదు.

"ముల్లు కుడికి కొడితే నా చెయ్యి లోపలికి వెళ్ళినట్టు. ఎడమకి కొడితే వెనక్కి వచ్చినట్టు. ఇప్పుడేం చేశాను?"

"లోపలికి," అన్నాడు శ్రీరాములు.

"ఇప్పుడు?"

"వెనక్కి."

"ఇప్పుడు?"

"ఊరికే ఉన్నారు."

"భేష్! మా ఎస్సెల్సీ వాళ్ళకంటే నయం మీరు," అని బసవపున్నారావు మురిసిపోయాడు.

శ్రీరాములు మొహాన చెమట పట్టింది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో తువ్వాలు కింద సంగతి మూడో మనిషికి తెలియడం ఆయన చూడలేదు. ఇక్కడ మనిషి కూడా కాదు, ఒక పెట్టె చెబుతోంది!

"మాస్టారూ, ఇది తువ్వాలు కింద ఏం జరిగినా చెప్పేస్తుందా?"

"చెప్పేస్తుంది! అదే దీని గొప్ప. తువ్వాలేంటి, రగ్గు కప్పినా దాగదు. మెల్లిగా కదిపితే కొంచెం, గట్టిగా కదిపితే ఎక్కువ. ఎంత కదిపితే అంతా చూపిస్తుంది."

"ఎంత దూరంలో పెట్టినా?"

"తీగ ఉండాలిగానీ పక్కగదిలో పెట్టుకు చూసుకోవచ్చు. ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుందంటే..."

అయస్కాంతం సంగతి అప్పుడు మొదలుపెట్టబోతున్నాడు. ఏళ్ళ తరబడి ఎందరికో అక్కర్లేనివన్నీ చెప్పినవాడు, అక్కరకొచ్చే ఆ ఒక్క మాటా చెప్పేలోపల శ్రీరాములు అరుగు దిగిపోయాడు.

"వస్తా బాబూ, రాహుకాలం వచ్చేస్తోంది."

"ఆదివారం పొద్దున రాహుకాలమేంటండీ?"

సమాధానం చెప్పడానికి శెట్టిగారు అక్కడ లేడు. ఆయన గొడుగు మాత్రం అరుగు మీద ఉండిపోయింది.

శ్రీరాములు బస్సు ఆగే చోట సోడాకొట్టు దగ్గర కూర్చుని, రెండు సోడాలు తాగి, ఒకే ఒక్క మనిషికి, అదీ ఒట్టు వేయించుకుని, సంగతి చెప్పాడు. ఆ మనిషి రత్నబాబు. ఆయనా మామిడి వర్తకుడే, రాఘవయ్య తోట మీద ఐదేళ్ళుగా కన్నేసి ఉన్నవాడే. అంత కంగారులో ఎవరికి చెబుతున్నాడో కూడా శెట్టిగారు చూసుకోలేదు. పెట్టె చేతిని కనిపెడుతుందని ఆయన చెప్పాడు. సోడాకొట్టు దాటేసరికి అది వేళ్ళను లెక్కపెడుతోంది. రచ్చబండ చేరేసరికి మడిచిన వేళ్ళను కూడా పట్టేస్తోంది. తోట నుంచి వస్తున్న రాఘవయ్య చెవిన పడేసరికి, శెట్టి ఇవ్వాలనుకుని మనసులో దాచుకున్న వేలు ఏదో అది చూపించేస్తోంది.

రాఘవయ్య చెప్పులు వీధిలోనే వదిలేసి అరుగెక్కాడు. మూడేళ్ళుగా "ఏమయ్యా మాస్టారూ" అని పిలిచే నోటితో ఆరోజు మొదటిసారి, "అల్లుడుగారూ!" అన్నాడు. "ఇంట్లో ఇంతటి వస్తువు పెట్టుకుని నాకు మాటమాత్రం చెప్పలేదేంటి?"

"అది స్కూలుది మామయ్యగారూ. రేపు ఇన్‌స్పెక్షనుకి..."

"ఇన్‌స్పెక్షను ఎక్కడికి పోతుందయ్యా! చివరి వేలు చూపిస్తుందట కదా?"

"అలాంటిదేం లేదండీ. అది వేళ్ళను చూపించదు. మాగ్నెట్టు కదిలితేనే ముల్లు కదులుతుంది. మాగ్నెట్టు లేకపోతే ఏం పనిచెయ్యదు."

"మాగ్నెట్టు ఉందిగా?"

"ఉంది."

"మరింకేం?"

"శెట్టిగారి చేతిలో మాగ్నెట్టు ఉండదు కదండీ!"

"నా చేతిలో పట్టుకుంటాలే," అన్నాడు రాఘవయ్య, ఇంత చిన్న విషయానికి చదువుకున్నవాడు బెంబేలెత్తడమేంటన్నట్టు.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది. పెట్టె నిజమేనా అని ఒకరు, మా ఆవు ఎవరు తోలుకుపోయారో చెబుతుందా అని ఒకరు, మా వియ్యపురాలి మనసులో ఏముందో చూసిపెట్టమని మరొకరు వచ్చారు. బసవపున్నారావు ఎవరినీ నిరాశపరచలేదు. వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి మొదటి నుంచీ వివరించాడు. ఇందులో మంత్రం లేదనీ, మాయ లేదనీ, కావాలంటే చూడమనీ, తువ్వాలు కప్పి మళ్ళీ చేసి చూపించాడు. చూపించినప్పుడల్లా ముల్లు తప్పకుండా కొట్టుకుంది. చూసినవాళ్ళంతా ఉన్న కాస్త అనుమానమూ తీరి, రెట్టింపు నమ్మకంతో ఇళ్ళకెళ్ళారు. ఇలా దీపాలు పెట్టే వేళ దాకా ముప్పైమందికి చెప్పాక, ముప్పై ఒకటో మనిషికి చెప్పబోతే గొంతులోంచి మాట రాలేదు. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు చప్పుడొకటి వచ్చింది.

హైమవతి మిరియాలపాలు కాచి ఇచ్చింది. "మూడేళ్ళ నుంచీ మొక్కుకుంటున్నాను, మీరు ఒక్కరోజు మాట్లాడకుండా ఉంటే చాలని. రేపే పాఠమైతే ఇవాళ తీరాలా ఆ మొక్కు!" అని నవ్వబోయి, అతని మొహం చూసి నవ్వు మింగేసింది. ఆవిడకీ లోపల భయంగానే ఉంది.

అప్పుడే రాఘవయ్య గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అల్లుడుగారూ, రేపు పొద్దున్నే బేరానికి తోటకి రమ్మని శెట్టికి కబురు పెట్టా. పెట్టె తీసుకెళ్ళి, ఎనిమిదింటికల్లా తెచ్చేస్తా. సరేనా?"

బసవపున్నారావు వద్దు వద్దని చెయ్యి బలంగా ఊపాడు. రాఘవయ్య ఆ ఊపుని చూసి, "అబ్బ, ఇంత తేలిగ్గా తీసుకెళ్ళమంటాడనుకోలేదు. బంగారంలాంటి అల్లుడు," అనుకుంటూ వెళ్ళిపోయాడు.

సోమవారం తొమ్మిది దాటినా పెట్టె రాలేదు. బసవపున్నారావు సైకిలెక్కి రెండు మైళ్ళ అవతలున్న తోటకి దౌడుతీశాడు.

తోటలో మామిడిచెట్టు కింద చాప పరిచి ఉంది. దానిమీద రాఘవయ్య, శ్రీరాములు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యన చేతుల మీద తువ్వాలు ఉంది. తువ్వాలులోంచి రెండు రాగితీగలు పెట్టెకి పాకుతున్నాయి. పెట్టె ముందు రత్నబాబు బోర్లా పడుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, ముల్లు వంక కన్నార్పకుండా చూస్తున్నాడు. ముల్లు చూసిపెడతానని తనంతట తానే వచ్చినా, శెట్టి ఇచ్చే ధర ఎంతో తెలిస్తే దానిమీద ఇంత వేసి తోట కొట్టేద్దామని ఆయన ఆశ. ముల్లు సున్నా మీద నిలబడి ఉంది. ముగ్గురిలో ఎవ్వరూ కదలట్లేదు.

శ్రీరాములు అసలు రాకూడదనే అనుకున్నాడు. కానీ చుట్టుపక్కల ఏ తోటలోనూ అంత పిందె నిలవలేదు. తను రాకపోతే రత్నబాబు ఎగరేసుకుపోతాడు. అందుకని తెల్లారకట్ల దాకా ఆలోచించి, తనే ఒక సూత్రం కనిపెట్టాడు. మాస్టారు ఊరికే ఉన్నప్పుడు ముల్లు కూడా ఊరికే ఉంది కదా! అయితే కదలకుండా ఉంటే పెట్టె ఏం చెయ్యగలదు? ఉంగరాలన్నీ ఇంట్లో తీసిపెట్టి, మనసులో కూడా ఏ అంకే కదలకుండా విష్ణునామం జపిస్తూ వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే రాఘవయ్య తువ్వాలు చాటున వెదురుబొంగుని గబుక్కున ఆయన రెండు వేళ్ళకి తొడిగేసి, తన ఎడమచేత్తో అయస్కాంతాన్ని బొంగుమూతి దగ్గర పట్టుకున్నాడు. చెయ్యి తీస్తే తోట పోతుంది, కదిపితే గుట్టు పోతుంది. ఏడింటి నుంచీ ఇదే వరస.

బసవపున్నారావు పెట్టెను చూపించి, తనను చూపించుకుని, స్కూలు వైపు చూపించి చేతులు తిప్పాడు.

"మాస్టారు తీగ బిగించమంటున్నట్టున్నారు," అన్నాడు రత్నబాబు.

బసవపున్నారావు తల అడ్డంగా ఊపి, వంగి, తువ్వాలు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి!" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"తువ్వాలు తీస్తే బేరం చెడుతుందయ్యా!" అన్నాడు రాఘవయ్య. "నా ఇన్నేళ్ళ దిగులు ఇవాళ తీరబోతుంటే!"

"పైగా బొంగు రాదు మాస్టారూ," అన్నాడు శ్రీరాములు దిగులుగా, పెదాలు తప్ప మరేదీ కదలకుండా. "ఇందాకే మెల్లిగా లాగి చూశా. వేళ్ళు ఉబ్బినట్టున్నాయి."

వాచీ చూసుకుంటే పదికి పావు తక్కువ. బాపులపాడు కళ్ళముందు గిర్రున తిరిగింది. వరిచేలు, అన్నగారి పంచ, వదినగారి మాటలు అన్నీ కనిపించాయి. ఏడుపొచ్చినంత పనైంది. అంతలో ఒక ఆలోచన తట్టింది. పెట్టె క్లాసుకి రాదు. క్లాసు పెట్టె దగ్గరికి రావచ్చు.

మళ్ళీ రెండు మైళ్ళు తొక్కాడు. క్లాసులోకి వెళ్ళి, నల్లబల్ల మీద పెద్దక్షరాలతో "అందరూ తోటకి పదండి" అని రాశాడు. ఎస్సెల్సీ క్లాసు పుట్టిన దగ్గర్నుంచీ ఏ మాస్టారు చెప్పిన మాటా అంత త్వరగా వినలేదు. ముప్పైరెండు మందీ వరసగా రోడ్డున పడ్డారు. మైలున్నర నడిచారో లేదో, ఎదురుగా దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు శేషగిరిరావుగారు తల బయటపెట్టారు.

"ఎక్కడికయ్యా ఊరేగింపు?"

బసవపున్నారావు నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

వరస ముందున్న లలిత రెండు చేతులూ జోడించింది. క్లాసులో మొదటి మార్కులు ఆ పిల్లవే. "తోటలో సైన్సు పాఠం అండీ. గాల్వనోమీటరు అక్కడుందని ఊళ్ళో అంతా చెప్పుకుంటున్నారు."

"ఈయన చెప్పరా?"

"ఈ పాఠంలో మాస్టారు మాట్లాడరండీ. మేమే ముల్లు చూసి చెప్పుకోవాలి. శనివారమే చెప్పారు."

శేషగిరిరావుగారు బసవపున్నారావుని ఎగాదిగా చూశారు. కిందటేడు ముప్పావుగంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడిన మనిషేనా అన్నట్టు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "పదండి, చూద్దాం," అన్నారు.

చాప చుట్టూ పిల్లలు గుమిగూడారు. ఇన్‌స్పెక్టరుగారు పంచె కుచ్చెళ్ళు పైకి దోపి, చాప అంచున కూర్చున్నారు. తువ్వాలునీ, తీగలనీ, పెట్టెనీ చూసి పిల్లల వైపు తిరిగారు.

"ముల్లు ఎందుకు కదలట్లేదర్రా?"

పిల్లలు చెప్పేలోపల శ్రీరాములు అందుకున్నాడు. మూడు గంటలకు పైగా ఆ ముల్లు తప్ప ఆయనకి వేరే లోకం లేదు. "నేను కదపట్లేదు కనక అండీ."

"కదిపితే?"

"లోపలికైతే కుడికి కొడుతుంది, వెనక్కైతే ఎడమకి. మెల్లిగా కదిపితే తక్కువ, గట్టిగా కదిపితే ఎక్కువ. పెట్టుకుని ఊరుకున్నామంటే సంవత్సరమైనా అలాగే ఉంటుందండీ. దాన్ని నమ్ముకునే కూర్చున్నా."

శేషగిరిరావుగారి కనుబొమలు పైకి లేచాయి. "మాగ్నెట్టు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరండీ," అన్నాడు రాఘవయ్య.

"తీగచుట్ట?"

"నా వేళ్ళకుందండీ," అన్నాడు శ్రీరాములు. "రావట్లేదు కూడా."

"అయితే మాగ్నెట్టు కదలకుండా ఉండి, మీ చుట్ట కదిలిందనుకోండి. అప్పుడో?" ఇరవై ఏళ్ళుగా ఇన్‌స్పెక్టరుగారు ప్రతి స్కూల్లోనూ ఈ ప్రశ్న అడుగుతున్నారు. సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. అడిగినప్పుడల్లా మాస్టర్లే నేల చూపులు చూస్తారు.

శ్రీరాములు వింతగా చూశాడు. "ఎవరు కదిలితే ఏంటండీ? ఇద్దర్లో ఒకరు కదలాలి. ఇద్దరూ బిగదీసుకు కూర్చుంటే బేరమూ లేదు, ముల్లూ లేదు."

"దాన్ని ఏమంటారర్రా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు సంతోషం పట్టలేక.

"విద్యుదయస్కాంత ప్రేరణ!" అన్నారు ముప్పైరెండు మందీ. రత్నబాబు కూడా అన్నాడు.

బసవపున్నారావు చెట్టు మొదలుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెప్పాల్సిన మాటలు గొంతుదాకా వచ్చి తిరిగి వెళ్ళిపోతున్నాయి. చుట్లు పెంచితే ఏమవుతుందో చెప్పాలని ప్రాణం కొట్టుకుపోతోంది. గట్టిగా తల ఊపుతూ ఊరుకున్నాడు. అలా తల పైకెత్తినప్పుడు కొమ్మ మీది నుంచి ఒక ఎర్రచీమ, మామిడాకులు కుట్టుకుని గూడు కట్టే జాతిది, నిదానంగా శెట్టిగారి మోచేతి మీదికి జారడం చూశాడు. అది మోచేతి నుంచి మణికట్టుకీ, అక్కణ్ణించి తువ్వాలు కిందకీ వెళ్ళిపోయింది. కేక వేద్దామని నోరు తెరిచాడు. మళ్ళీ గాలే వచ్చింది.

మరుక్షణం తువ్వాలు ఎగిరిపడింది. శ్రీరాములు "హరీ!" అని అరుస్తూ తువ్వాలు కిందే చెయ్యి ఆడించాడు. ముల్లు కుడికీ ఎడమకీ టపటపా కొట్టుకుంది.

"లోపలికి! వెనక్కి! లోపలికి! వెనక్కి!" అని లలిత అరిచింది. క్లాసంతా అందుకుంది.

"వస్తోంది, వస్తోంది!" అని రత్నబాబు చాప మీద లేచి కూర్చున్నాడు.

చెమటకి జారి బొంగు వేళ్ళలోంచి ఊడిపోయింది. ఆ మంటలో ఏం చేస్తున్నాడో తెలియక శ్రీరాములు అందిన ఆసరాను గట్టిగా పట్టేసుకున్నాడు. అది రాఘవయ్య కుడిచెయ్యి. నాలుగు వేళ్ళూ, చిటికెన వేలుతో సహా.

"పట్టాడు!" అని రాఘవయ్య కేక పెట్టాడు. "చిటికెన వేలు పట్టాడు! పదిహేనేళ్ళకి!"

శ్రీరాములు తువ్వాలు వంకా, ఇంకా ఊగుతున్న ముల్లు వంకా చూశాడు. పట్టిన పట్టు పట్టిందే. తువ్వాలు మర్యాద ఆయన ఎన్నడూ తప్పలేదు. "ఎంత జపం చేసినా లాగేసిందండీ మనసులో మాట," అని తల వంచుకున్నాడు. మణికట్టు మీది దద్దురు కూడా ఆ కరెంటు పనేననుకున్నాడు. చీమ తువ్వాలు అంచున దిగి గడ్డిలోకి వెళ్ళిపోవడం బసవపున్నారావు ఒక్కడే చూశాడు. మధ్యాహ్నానికి గొంతు కాస్త పెగిలినా ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మామగారు అంత ఆనందంగా ఉండడం అతను చూడలేదు మరి.

ఆ ఏడు నూజివీడు వర్తకులు ఏ ఊళ్ళో తోట బేరానికెళ్ళినా, ముందు ఇంట్లో సైన్సు మాస్టారెవరైనా ఉన్నారేమో కనుక్కుని మరీ కూర్చునేవారు.

నెల తిరిగేసరికి హెడ్మాస్టారి పేర కాగితం వచ్చింది. బసవపున్నారావు దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చి హైమవతికి ఇచ్చాడు. ఆవిడ పైకి చదివింది. "ఉపాధ్యాయుడు పాఠము జరిగినంతసేపు ఒక్క మాటయు పలుకలేదు. అయినను పిల్లలే గాక, ఊరి వర్తకులు సైతము విషయమును క్షుణ్ణముగా గ్రహించియున్నారు. కిందటి సంవత్సరపు లోపము పూర్తిగా తొలగినది. ఇట్టి మితభాషిని ఖాయము చేయుట మంచిది." కింద ఖాయం చేస్తూ ఆర్డరు ఉంది. చదవడం అయ్యేసరికి హైమవతి కళ్ళు చెమర్చాయి. రాఘవయ్య గట్టిగా ముక్కు చీది, అల్లుడి భుజం తట్టాడు.

"మితభాషంటే ఏంటి అల్లుడుగారూ?" అన్నాడు.

అన్నాలు చల్లారిపోయేదాకా బసవపున్నారావు వివరించి చెప్పాడు.